మేఫ్లవర్ వాళ్ళ ఆన్‌సైట్ కోఆర్డినేటర్

మేఫ్లవర్ ఓడ అనగానే అమెరికాలో ఉన్న మనవాళ్ళకి థాంక్స్‌గివింగూ, టర్కీ కోడీ, లాంగ్ వీకెండూ గుర్తొస్తాయి. నమ్మిన మతం కోసం ప్రాణాలకి తెగించి సముద్రం దాటిన భక్తుల కథ అది. నిజమే కానీ, ఆ కథ వెనకాల ఓ అప్పుల చిట్టా కూడా ఉంది. అది అర్థం కావాలంటే ఐజాక్ అలర్టన్ ఎవరో తెలియాలి.

ఇంగ్లండ్ చర్చితో తెగతెంపులు చేసుకుని హాలండ్‌లోని లైడెన్ ఊరు చేరిన జనంలో ఇతనొకడు. వృత్తి దర్జీ పని. 1620లో భార్య మేరీ, ముగ్గురు పిల్లలతో మేఫ్లవర్ ఎక్కాడు. ప్లిమత్ రేవులో ఓడ మీదే మేరీకి చనిపోయిన బిడ్డ పుట్టాడు. రెండు నెలలకి ఆవిడా పోయింది. వచ్చిన 102 మందిలో దాదాపు సగం మంది మొదటి చలికాలం దాటలేదు. 1621లో విలియం బ్రాడ్‌ఫర్డ్ గవర్నరయ్యాడు, అలర్టన్ అతని సహాయకుడయ్యాడు.

ఇక డబ్బు సంగతి. ఈ ప్రయాణానికి పెట్టుబడి పెట్టింది లండన్ వర్తకులు. ఒక్కో వాటా 10 పౌన్లు. వలస వెళ్ళే 16 ఏళ్ళు నిండిన ప్రతి మనిషినీ ఒక వాటాగా లెక్కగట్టారు. ఏడేళ్ళు అందరూ కలిసి పనిచెయ్యాలి, ఆ తర్వాతే ఆస్తీ లాభమూ పంచుకోవాలి. మన భాషలో చెప్పాలంటే ఏడేళ్ళ వెస్టింగ్! అయితే లాభాలు రాలేదు, వర్తకులకి ఓపిక పోయింది.

అప్పుడు లండన్‌కి మనిషిని పంపాల్సొచ్చింది. 1625లో వెళ్ళిన మైల్స్ స్టాండిష్‌కి నూటికి 50 వడ్డీకి అప్పు దొరికింది. ఆ తర్వాత వెళ్ళిన అలర్టన్ 30కే తెచ్చాడు. అంతేకాదు, 1626లో వర్తకుల వాటాలన్నీ 1800 పౌన్లకి కొనేసేలా బేరం కుదిర్చాడు. ఏడాదికి 200 చొప్పున వాయిదాలు. ఆ బాకీని బ్రాడ్‌ఫర్డ్, అలర్టన్‌తో సహా ఎనిమిదిమంది వలసవాళ్ళు, నలుగురు లండన్ వాళ్ళు నెత్తిన వేసుకుని, బదులుగా బొచ్చు వ్యాపారం తమకే ఉండేలా రాయించుకున్నారు. స్థానిక తెగల వాళ్ళు తెచ్చే బీవర్ తోళ్ళే ఆ అప్పు తీర్చే ఆధారం.

ఇంతవరకూ అలర్టన్ హీరోనే. అక్కణ్ణించే గొడవ మొదలు. అందరి సరుకుతో పాటు తన సొంత సరుకు కూడా ఓడలో తేవడం మొదలెట్టాడు. రెండూ కలిపి కట్టేవాడు, వేరే గుర్తులుండవు. అంటే దారిలో ఏమైనా మునిగితే ఆ నష్టం ఎవరి ఖాతాలో పడుతుందో ఊహించుకోండి. స్థానికులకి తుపాకులమ్ముతున్నాడని 1628లో ప్లిమత్ వాళ్ళు పంపేసిన థామస్ మోర్టన్‌ని, మరుసటేడు తన రాతకోతలకని వెనక్కి తెచ్చాడు! తర్వాత 'వైట్ ఏంజెల్' అనే ఓడ వ్యవహారంలో, ఖర్చు అలర్టన్‌దా, లండన్ వాళ్ళదా, ప్లిమత్‌దా అన్నది ఏళ్ళ తరబడి తేలలేదు.

మరి ముందే ఎందుకు అడగలేదు? ఎందుకంటే ఈలోగా అతను ఊరందరికీ పూజ్యుడైన పెద్ద విలియం బ్రూస్టర్‌కి అల్లుడయ్యాడు. అల్లుణ్ణి నిలదీస్తే పెద్దాయన నొచ్చుకుంటాడని ఊరుకున్నామని బ్రాడ్‌ఫర్డే రాసుకున్నాడు. 400 పౌన్ల చిల్లర అప్పు 1631కి 4,770 దాటింది, 1800 బేరంలో మిగిలిన 1000 కాక. అప్పుడు తీసేశారు. బాకీ 1640లలో గానీ తెమల్లేదు, అదీ బ్రాడ్‌ఫర్డ్ లాంటివాళ్ళు సొంత భూములు ఒప్పజెబితే.

అలర్టన్ అక్కడితో ఆగలేదు. మార్బుల్‌హెడ్‌లో చేపల వ్యాపారం, తర్వాత డచ్చివాళ్ళ న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో (ఇప్పటి న్యూయార్క్) పొగాకు, గిడ్డంగి. 1643లో అక్కడి గవర్నర్‌కి సలహా చెప్పే ఎనిమిదిమందిలో ఒకడయ్యాడు కూడా. 1659లో న్యూ హేవెన్‌లో పోయేటప్పటికి మిగిలింది అప్పులే. వీలునామా నిండా ఎవరు తనకెంత బాకీ ఉన్నారో రాశాడు. 1650లో హార్వర్డ్‌లో పట్టా పుచ్చుకున్న కొడుకు, అప్పులవాళ్ళ దగ్గర ఇల్లు కొని సవతి తల్లిని అందులో ఉండనిచ్చాడు.

అలర్టన్ దొంగే అని తీర్పు చెప్పడం తేలిక. కానీ మనకి దొరికే కథలో ఎక్కువ భాగం రాసింది బ్రాడ్‌ఫర్డ్, అంటే బాకీ నెత్తిన పడ్డవాడు. లండన్ భాగస్వాముల లెక్కలూ అంతంతమాత్రమే. పైగా దేవుడి ముందు ఒప్పందం రాసుకుని సంతకాలు చేసిన ఈ జనం, ఓ దర్జీకి సంతకం అధికారమిచ్చి, ఏడాదికోసారి చిట్టా విప్పి చూపించమని గట్టిగా అడగలేకపోయారు. నమ్మకం లేకపోతే ఆ చలికాలం బతికేవాళ్ళు కాదు. అదే నమ్మకాన్ని లెక్కల పుస్తకం బదులు వాడుకున్నారు. నా ఉద్దేశంలో తప్పులో సగం వాళ్ళదే. మీరేమంటారు?