హుజూర్‌నగర్ మిద్దెలు, ఆకాశపు బొమ్మలు

రేడియో గల ఇండ్లవారికి ఏరియల్ క్రొత్త వస్తువు కాదు. రెండు వెదురుగడల నడుమ రాగితీగ కట్టి కొనను కిటికీ గుండ లోనికి దింపినచో, హైదరాబాదు కేంద్రమును గాని, 1948 డిసెంబరులో ఆరంభమైన విజయవాడ కేంద్రమును గాని మనము వినగలిగితిమి. మధ్యమ తరంగము నేల వెంబడి ప్రాకును. రాత్రివేళ ఆకాశపు పొరను తాకి మరలివచ్చును. గడ వంకరగా నున్నను పాట ఆగదు.

టెలివిజను తరంగమునకు ఈ ఓర్పు లేదు. అది చూపువలె సూటిగా పోవును. భూమి వంపు అడ్డువచ్చినచోట క్షీణించును. ప్రసారస్తంభము 150 మీటర్లు, మన మిద్దెమీది గొట్టము 10 మీటర్లు అనుకొన్నచో, లెక్కకు వచ్చు దూరము 63 కిలోమీటర్లు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977 అక్టోబరు 23న ప్రారంభమయ్యెను. హుజూర్‌నగర్ ఆ నగరమునకు, గీత గీసి కొలిచినను, 150 కిలోమీటర్ల పైచిలుకు. సూర్యాపేట సైతము ఆ వలయమునకు వెలుపలిదే. వాతావరణము అనుకూలించిన రాత్రి చుక్కల నడుమ బొమ్మ మెరయవచ్చును గాని, దానిని నమ్ముకొని పెట్టె కొనుట ఎట్లు? ఇది దుకాణదారుని మోసము కాదు, భూగోళపు గుణము.

గొట్టముపై చేపముల్లువలె నుండు ఆ పరికరమును 1926లో జపానులోని సెండాయి నగరమున ఉడా, యాగి అనువారు రూపొందించిరి. వెనుక పొడవు కడ్డీ, ముందు పొట్టి కడ్డీలు, నడుమ తీగ తగిలించునది. 175 మెగాహెర్ట్జ్ తరంగమునకు ఆ నడిమి కడ్డీ సుమారు 85 సెంటీమీటర్లుండవలెను. కోతి ఊపినను బొమ్మ చెదరుటకు కారణము, అది ఒక్క దిక్కునే చూచుట. 1942లో సింగపూరు పట్టుకొన్న జపాను సైనికులకు ఆంగ్లేయుల కాగితములలోని 'యాగి' యను మాట అర్థము కాక, అది తమ ఆచార్యుని పేరేయని ఖైదీ చెప్పవలసివచ్చెనట!

దూరమును జయించు మార్గము అప్పటికే కనబడియుండెను. 1975 ఆగష్టు 1 నుండి ఏడాదిపాటు, అమెరికా వారి ఉపగ్రహము ద్వారా, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు బొమ్మలు నేరుగా దిగివచ్చెను. మూడు మీటర్ల తీగవల పళ్లెము చాలెను. పిమ్మట, 1984లో, దేశమున చిన్న ప్రసారిణులు వేగముగా పెరిగెను. చిన్న పట్టణములలోను చేపముళ్లు మొలిచెను. 1990 దశకమున కేబుల్ వచ్చెను. వీధికొకరు పెద్ద పళ్లెము నిలిపి ఇంటింటికి తీగ లాగిరి. నెలనెలా రుసుము చెల్లించుటకు అలవాటుపడితిమి.

ఇప్పుడు కేబుల్ మానుకొన దలచినవారు పాత చేపముల్లును వెదకి ప్రయోజనము లేదు. పాతపద్ధతి భూతల ప్రసారిణులను, కొద్దిపాటి మినహాయింపులతో, ప్రసారభారతి 2022 నాటికి మూసివేసెను. మిగిలినది పళ్లెమే. 2004 డిసెంబరులో ఆరంభమైన దూరదర్శన్ ఉచిత ప్రసారమునకు నెలసరి రుసుము లేదు. పళ్లెము, పెట్టె కొన్న ఖర్చే. ఉపగ్రహము తూర్పు రేఖాంశము 93.5 డిగ్రీల వద్ద, 36,000 కిలోమీటర్ల ఎత్తున నున్నది. హుజూర్‌నగర్ మిద్దెనుండి చూచినచో అది ఆగ్నేయమున, దిగంతమునకు 65 డిగ్రీల పైన. ఆ దిక్కున పొరుగువారి వేపచెట్టు గాని, నీళ్లటాంకి గాని అడ్డులేకుండ చూచుకొని మేకు కొట్టవలెను.