రద్దు కాని పాత కూర్పు

బ్యాంకులో కొత్త సర్క్యులర్ వచ్చిందంటే పాతది రద్దయినట్టే. నిన్నటి వడ్డీ రేటు బాగుంది కాబట్టి ఇవాళ కూడా దాన్నే వేస్తానంటే ఎవరూ ఒప్పుకోరు. ఉద్యోగజీవితమంతా ఈ పద్ధతిలో గడిపిన నాకు, కొత్త నిబంధనల పుస్తకం వచ్చినా పాతది కూడా చెల్లుతూనే ఉండే ఒక ఆట చరిత్ర ఆసక్తికరంగా తోచింది. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్.

తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. వారిని డంజన్ మాస్టర్ అంటారు. మిగతావారు యోధుడో, మాంత్రికుడో, దొంగో తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. ఫలితం సందేహమైన చోట పాచిక తేలుస్తుంది. కాశీమజిలీ కథల్లా ఇది మజిలీ మజిలీకీ సాగుతుంది. బెంగళూరులో మా అమ్మాయి, ఆమె స్నేహితులు ఆదివారాలు ఆడుతుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఆ తర్వాత మా మధ్య వచ్చిన ప్రశ్న: ఇన్ని కూర్పుల్లో ఏది మంచిది?

మొదటి కూర్పు 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే ఊరి నుంచి వచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన మూడు చిన్న పుస్తకాలను ఒక పెట్టెలో పెట్టి పది డాలర్లకు అమ్మారు. మొదటి విడత వెయ్యి ప్రతులు. అవి బొమ్మ సైన్యాలతో యుద్ధక్రీడలు ఆడేవారిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. కొత్తవారికి ఒక పట్టాన అర్థం కావు. 1977లో కొత్తవారి కోసం 'బేసిక్' కూర్పు వచ్చింది. 1977, 1979ల మధ్య గైగాక్స్ 'అడ్వాన్స్‌డ్' పేరుతో మూడు పెద్ద గ్రంథాలు తెచ్చాడు. అడ్వాన్స్‌డ్ వేరే రచన కనుక ఆర్నెసన్‌కు రాయల్టీ ఇవ్వనక్కరలేదని కంపెనీ పట్టుబట్టింది. ఆయన 1979లో దావా వేశాడు. 1981లో రాజీ కుదిరింది. ఒకే ఆట రెండు ఖాతాలుగా చాలాకాలం నడవడం వెనుక ఈ లెక్క కూడా ఉంది.

1989లో అడ్వాన్స్‌డ్‌కు రెండో కూర్పు వచ్చింది. అప్పుల్లో కూరుకుపోయిన టీఎస్ఆర్ కంపెనీని 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనుక్కుంది. ఆ సంస్థను 1999లో హాస్‌బ్రో కొన్నది. తర్వాత 2000లో మూడో కూర్పు, 2008లో నాలుగోది, 2014లో అయిదోది వచ్చాయి. 2024లో అయిదోదాన్నే సవరించి వేశారు.

కామర్స్ చదివినవాడిగా నాకు మూడో కూర్పు నచ్చాలి. అంతకుముందు ఒక్కో పనికి ఒక్కో పాచిక, ఒక్కో పట్టిక. మూడోది దాదాపు అన్నిటినీ ఒకే సూత్రంలోకి తెచ్చింది. ఇరవై ముఖాల పాచిక వెయ్యి, పాత్ర నైపుణ్యం కలుపు, పెట్టిన అంకెను అందుకున్నావేమో చూడు. జంటపద్దు విధానమంత శుభ్రంగా ఉంటుంది. అయినా నా ఓటు 1981లో టామ్ మోల్డ్‌వే సంపాదకత్వంలో వెలువడిన బేసిక్ కూర్పుకే.

అది 64 పేజీల పుస్తకం. అందులో పాత్ర పైమెట్టు ఎక్కాలంటే అనుభవ పాయింట్లు కావాలి. నేలమాళిగ నుంచి బయటకు తెచ్చుకున్న బంగారు నాణెం ఒక్కొక్కదానికి ఒక పాయింటు. గోబ్లిన్ అనే మరుగుజ్జు రాక్షసుణ్ణి ఓడిస్తే అయిదే. యోధుడు రెండో మెట్టు ఎక్కడానికి 2,000 పాయింట్లు కావాలి. అంటే ఒంటరిగా 400 మంది గోబ్లిన్లను ఓడించాలి, లేదా 2,000 నాణేలు తేవాలి. ప్రాణబలం సున్నాకు దిగితే పాత్ర చచ్చినట్టే. ఇక తెలివైనవాడు కత్తి దూస్తాడా? బేరమాడతాడు, లంచమిస్తాడు, దారి మార్చుకుంటాడు. బరువును కూడా నాణేల్లోనే లెక్కిస్తారు, పది నాణేలు ఒక పౌను. దివిటీ గంటసేపే వెలుగుతుంది. ఎంత మోయాలి, ఎప్పుడు వెనుదిరగాలి అన్నదే ఆటలోని ఉత్కంఠ.

రెండో కూర్పులో నాణేలకు పాయింట్లివ్వడం ఐచ్ఛికమైంది. మూడోదానిలో ప్రధానంగా ఎదిరించినవారిని ఓడిస్తేనే పాయింట్లు. అప్పుడు ఆటగాళ్లు పోట్లాట వెతుక్కుంటూ పోతారు. డిపాజిట్లకు మార్కులిస్తే సిబ్బంది డిపాజిట్ల వెంట, అప్పులకిస్తే అప్పుల వెంట పడతారని ఏ బ్రాంచిలో పనిచేసినవారికైనా తెలుసు.

మా అమ్మాయి ఓటు అయిదోదానికి. అందులో ప్రాణబలం సున్నాకు దిగినా పాచికలు వేసి బతికి బయటపడే వీలుంది. నెలల తరబడి పెంచుకున్న పాత్ర ఒక్క దెబ్బకు పోతే ఆడబుద్ధి కాదంటుంది. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

అసలు ఇలా వాదించుకునే వీలు మాకెలా మిగిలింది? మూడో కూర్పుతోపాటు 2000లో ఓపెన్ గేమ్ లైసెన్స్ అనే అనుమతిపత్రం వచ్చింది. ఆ కూర్పు మూల నిబంధనలను వాడి ఎవరైనా పుస్తకాలు వేసుకోవచ్చు. దాని ఆసరాతోనే కొందరు పాత కూర్పుల నిబంధనలను తమ మాటల్లో తిరిగి రాశారు. 2019 నాటి ఓల్డ్-స్కూల్ ఎసెన్షియల్స్ 1981 నిబంధనలను పొందికగా అందించింది. నేను ఓటు వేయని మూడో కూర్పే నాకు నచ్చినదానికి ఆయుష్షు పోసిందన్నమాట. 2023 జనవరిలో ఆ లైసెన్సును మార్చే ప్రయత్నం బయటపడగానే ఆటగాళ్లు, చిన్న ప్రచురణకర్తలు గట్టిగా ఎదురు తిరిగారు. నెలాఖరుకే కంపెనీ వెనక్కి తగ్గి, అయిదో కూర్పు మూల నిబంధనలను క్రియేటివ్ కామన్స్ కింద అందరికీ వదిలేసింది.

హక్కులు ఎవరి చేతిలో ఉన్నా, ఆడేవారున్నంత కాలం పాత కూర్పుకు కాలం చెల్లదు. తాతలనాటి తెలుగును రాష్ట్రం బయట ఇంకా మాట్లాడుకుంటున్న మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ప్రస్తుతానికి మా ఇంట్లో ఒప్పందం ఇది: నెలకు మూడు ఆదివారాలు అయిదో కూర్పు, ఒక ఆదివారం 1981ది.