తొలిచూలు పెయ్య, పెద్ద ఆబోతు

మా తాతయ్య వాళ్ళ పెరట్లో ఒక ఎర్ర పెయ్య ఉండేది. నాటుది, పొట్టిది, తొలిచూలు. పాలు దండిగా వస్తాయని చెప్పి, ఊళ్ళోకి వచ్చే అతను హోల్‌స్టీన్ సూది వేసి వెళ్ళాడు. ఈనే రాత్రి నలుగురు తాడు కట్టి లాగితే దూడ బయటికొచ్చింది, ప్రాణం లేకుండా. పెయ్య మూడు రోజులు లేవలేదు. "అందరూ ఆబోతు గొప్ప చెప్పేవాళ్ళే. దీని నడుం ఎంతుందో చూసినవాడు లేడు" అంది నాయనమ్మ.

ఆ మాట వెనక ఎంత చరిత్ర ఉందో నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు.

పూర్వం చనిపోయినవాళ్ళ పేర అచ్చు వేసి వదిలిన ఆబోతే ఊరి ఆవులకి దిక్కు. ఒంగోలు సీమలో ఆ కోడెని ఏరికోరి తెచ్చేవాళ్ళు. (మనకి మాత్రం 'అచ్చోసిన ఆంబోతు' తిట్టుగానే మిగిలింది.) ఆబోతూ ఆవులూ ఒకే జాతివి కాబట్టి కొలతలు సరిపోయేవి. సూది వచ్చాక ఆ హద్దు పోయింది. ఎక్కడి ఆబోతుకైనా ఎక్కడి పెయ్యనైనా జత కట్టొచ్చు.

ఆ హద్దు దాటితే ఏమవుతుందో ఇంగ్లండ్‌లో ముందే చూశారు. 1938లో కేంబ్రిడ్జ్‌కి చెందిన వాల్టన్, హామండ్ అనే ఇద్దరు తమ ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. భారీ షైర్ గుర్రాలనీ, పొట్టి షెట్లాండ్ గుర్రాలనీ సూది ద్వారానే అటూ ఇటూ కలిపారు. షైర్ తల్లికి పుట్టిన పిల్ల, షెట్లాండ్ తల్లికి పుట్టిన పిల్లకి దాదాపు మూడు రెట్లు బరువుంది. తండ్రి ఎంతటివాడైనా, కడుపులో పిల్లని తల్లి తన కొలతకి అదుపు చేసుకుంటుందన్నమాట. ఆవుల్లో ఈ అదుపు అంత గట్టిది కాదు. మన మూపురం జాతులు కొంత నయం. ఒంగోలు రక్తం కూడా కలిసిన అమెరికా బ్రాహ్మన్ ఆవులు, సీమ ఆబోతుకి చిన్న దూడల్నే ఈనుతాయి. అదే బ్రాహ్మన్ ఆబోతుని సీమ ఆవుకి కడితే దూడ బాగా బరువుగా పుడుతుంది. మా పెయ్యకి ఆ అదుపు చాల్లేదు, బహుశా వయసూ చాల్లేదు.

1961లో బ్రిటన్ ఫ్రాన్స్ నుంచి షరోలే ఆబోతుల్ని తెప్పించుకుంది. మాంసం బాగుంది, కాన్పులే కష్టమయ్యాయి. తొలిచూలు పెయ్యలకి మాత్రం చిన్న దూడలిచ్చే ఆంగస్ మేలన్న పాత లెక్కే నిలిచింది. తర్వాత అమెరికాలో ఆబోతు పేరు పక్కన కాన్పు సులువుకి రెండు అంకెలు వేయడం మొదలైంది. ఒకటి దాని దూడలు ఎంత సులువుగా పుడతాయో చెప్పేది. రెండోది దాని కూతుళ్ళు ఎంత సులువుగా ఈనుతాయో చెప్పేది. రెండోది ఎందుకంటే, చిన్న దూడలే కావాలని ఏరుతూ పోతే ఆ కూతుళ్ళ నడుమూ ఇరుకవుతుంది! నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా నచ్చింది ఆ రెండో అంకె.

మన దగ్గరా సలహా లేకపోలేదు. చిన్న నాటు ఆవుకి జెర్సీ, మేతా నీళ్ళూ ఉన్నచోట పెద్ద ఆవుకి హోల్‌స్టీన్. కానీ ఆ రోజు నైట్రోజన్ డబ్బాలో ఏది ఉంటే అదే సూది.

ఎర్రది బతికింది. తర్వాత ఇంకో రెండు ఈతలు ఈనింది. రెండుసార్లూ అతను డబ్బా మూత తీయకముందే నాయనమ్మ గుమ్మంలో నిలబడి అడిగింది: "జెర్సీయేనా, బాబూ?"