అక్షరం వస్తేనే ఉపాధి: రాజధాని ప్రాంతంలో వయోజన విద్యకు సాంకేతికత తోడ్పాటు

గురుగ్రామ్, నూహ్ జిల్లాలు పక్కపక్కనే ఉన్నాయి. రెండూ హరియాణాలోనివే, రెండూ జాతీయ రాజధాని ప్రాంతం పరిధిలోనివే. అయితే అక్షరాస్యతలో వాటి మధ్య అంతరం చాలా ఎక్కువ. 2011 జనగణన ప్రకారం గురుగ్రామ్‌లో అక్షరాస్యత సుమారు 85 శాతం. అప్పట్లో మేవాత్‌గా పిలిచిన నూహ్‌లో అది 54 శాతం మాత్రమే. అక్కడి మహిళల్లో 37 శాతానికి కూడా చేరలేదు. అదే లెక్కల్లో ఢిల్లీ అక్షరాస్యత 86 శాతం. ఏడేళ్లు, అంతకు మించిన వయసు ఉండి, ఏదైనా ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వచ్చినవారిని జనగణన అక్షరాస్యులుగా పరిగణిస్తుంది.

ఈ అంతరం నేరుగా ఉపాధిని ప్రభావితం చేస్తుంది. రవాణా వాహనం నడిపేందుకు లైసెన్సు పొందాలంటే కనీసం 8వ తరగతి ఉత్తీర్ణులై ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు నిర్దేశించేవి. మేవాత్ ప్రాంతంలో చాలామందికి డ్రైవింగే జీవనాధారమని, వారికి నైపుణ్యం ఉన్నా చదువు లేదని, అందువల్ల ఈ షరతును సడలించాలని హరియాణా ప్రభుత్వం కేంద్రాన్ని కోరింది. దేశంలో సుమారు 22 లక్షల మంది డ్రైవర్ల కొరత ఉందని పేర్కొంటూ, షరతును తొలగించాలని కేంద్ర రహదారి రవాణా శాఖ 2019 జూన్‌లో నిర్ణయించింది. అదే సమయంలో మరో మాట కూడా స్పష్టం చేసింది. శిక్షణ పొందిన డ్రైవరు రహదారి సూచికలను చదవగలగాలి, ప్రయాణ వివరాల పుస్తకాన్ని నిర్వహించగలగాలి, వాహన తనిఖీ పత్రాలు సమర్పించగలగాలి. అంటే ధ్రువపత్రం అవసరం తొలగింది గాని, చదవడం రావాల్సిన అవసరం తొలగలేదు.

ఆ తరువాత సేవలు మరింతగా తెరమీదికి చేరాయి. 2021 ఆగస్టులో ఢిల్లీ రవాణా శాఖ లెర్నర్స్ లైసెన్సు పరీక్షను ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో రాసే వీలు కల్పించింది. అదే నెలలో అసంఘటిత కార్మికుల నమోదుకు ఈ-శ్రమ్ పోర్టల్ ప్రారంభమైంది. చదవడం వచ్చినవారికి ఇటువంటి సేవలు కార్యాలయాల చుట్టూ తిరిగే శ్రమను తగ్గిస్తాయి. చదవడం రానివారు మాత్రం ప్రతి దరఖాస్తుకూ మరొకరిపై ఆధారపడాల్సి వస్తుంది. అందువల్లనే వయోజన అక్షరాస్యత, డిజిటల్ పరిజ్ఞానం, ఉపాధి శిక్షణ అనే మూడింటినీ వేర్వేరుగా చూడటం ఇప్పుడు సాధ్యం కాదు.

ఢిల్లీలో తొలి ప్రయత్నాలు

వయోజన విద్యలో ఢిల్లీకి సుదీర్ఘ చరిత్ర ఉంది. జామియా మిలియా ఇస్లామియా 1938లోనే వయోజన విద్యకు ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పింది. మరుసటి ఏడాది భారత వయోజన విద్యా సంఘం ఏర్పడింది.

చదువును ఉపాధితో ముడిపెట్టిన తొలి జాతీయ పథకాల్లో ఒకదాని వెనుక తెలుగు మహిళ ఉన్నారు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు వ్యవస్థాపక అధ్యక్షురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్ నేతృత్వంలో 1958లో వయోజన మహిళలకు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలయ్యాయి. బడి మానేసిన మహిళలు తక్కువ కాలంలో పరీక్షలకు సిద్ధమై, ఉద్యోగానికో వృత్తి శిక్షణకో అర్హత సాధించడమే వాటి ఉద్దేశం.

ప్రసార సాధనాల వినియోగానికి కూడా రాజధానే తొలి ప్రయోగశాల. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో టెలివిజన్ ప్రసారాలు ప్రయోగాత్మకంగా ఆరంభమయ్యాయి. యునెస్కో సహకారంతో ఏర్పాటైన టెలీక్లబ్బుల్లో పెద్దలు సామాజిక విద్యా కార్యక్రమాలను కలిసి చూసి, చర్చించుకునేవారు. 1967 జనవరి 26న ఢిల్లీ చుట్టుపక్కల 80 గ్రామాల రైతుల కోసం కృషి దర్శన్ మొదలైంది. 1975-76లో ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం ఆంధ్రప్రదేశ్ సహా 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు చేరింది. ఢిల్లీ టెలీక్లబ్బుల అనుభవం ఒక విషయాన్ని చూపింది. ప్రసారం ఎక్కడి నుంచి వచ్చినా, దాని చుట్టూ చేరి మాట్లాడుకునే బృందం ఉన్నచోటే అది బోధనగా మారింది.

బీరంగూడ పాఠం

కంప్యూటర్ సాయంతో పెద్దలకు చదువు చెప్పే ప్రయత్నం తెలుగు నేలపై మొదలైంది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థ 2000లో అప్పటి మెదక్ జిల్లా బీరంగూడలో కంప్యూటర్ ఆధారిత ప్రయోజనాత్మక అక్షరాస్యత కార్యక్రమాన్ని ప్రారంభించింది. దీని వెనుక ఆలోచన ఎఫ్.సి. కోహ్లీది. జాతీయ అక్షరాస్యతా మిషన్ వాచకాలతో చదువు పూర్తి కావడానికి సుమారు 200 గంటలు పట్టేది. ఈ పద్ధతిలో దాదాపు 40 గంటల్లోనే చదవడం నేర్పాలన్నది లక్ష్యం. ఒక్కో అక్షరంతో కాక, మాటను బొమ్మగా తెరపై చూపి, ఉచ్చారణను వినిపించి గుర్తుపట్టేలా చేయడం దీని ప్రత్యేకత. పాత కంప్యూటర్లపైనా ఇది పనిచేసేది. తరువాత హిందీ, తమిళం సహా పలు భాషలకు విస్తరించింది.

దీనికి పరిమితి కూడా ఉంది. మొదట్లో ఇది చదవడంపైనే దృష్టి పెట్టింది, రాయడంపై కాదు. బస్సు బోర్డు, మందుల చీటీ చదవడానికి ఆ నైపుణ్యం సరిపోవచ్చు. దరఖాస్తు నింపాలన్నా, లెక్కల పుస్తకం రాయాలన్నా చాలదు. యంత్రం బోధనా కాలాన్ని తగ్గించగలదు గాని, చేతి అభ్యాసానికి ప్రత్యామ్నాయం కాలేదు.

ఉల్లాస్ పనిచేసే తీరు

ప్రస్తుతం దేశవ్యాప్తంగా అమలవుతున్న వయోజన విద్యా పథకం ఉల్లాస్ - నవ భారత సాక్షరతా కార్యక్రమం. 2022-27 కాలానికి రూ.1,037.90 కోట్ల వ్యయంతో కేంద్రం దీనిని ఆమోదించింది. ఇందులో కేంద్రం వాటా రూ.700 కోట్లు. ఐదేళ్లలో 15 ఏళ్లు, అంతకు మించిన వయసున్న 5 కోట్ల మందికి చదువు నేర్పాలన్నది లక్ష్యం. పథకంలో ఐదు అంశాలున్నాయి. అవి: ప్రాథమిక అక్షర, అంకెల జ్ఞానం, కీలక జీవన నైపుణ్యాలు, వృత్తి నైపుణ్యాలు, ప్రాథమిక విద్య, నిరంతర విద్య.

ఉల్లాస్ మొబైల్ యాప్‌ను 2023 జులై 29న న్యూఢిల్లీలోని భారత్ మండపంలో ఆవిష్కరించారు. నేర్చుకునేవారు స్వయంగా గాని, సర్వే చేసేవారి ద్వారా గాని నమోదు కావచ్చు. బోధించదలచిన స్వచ్ఛంద కార్యకర్తలు కూడా అందులోనే పేరు నమోదు చేసుకోవచ్చు. పాఠ్య సామగ్రి దీక్షా వేదికపై ప్రాంతీయ భాషల్లో లభిస్తుంది. చదువు పూర్తయ్యాక 150 మార్కులకు పరీక్ష ఉంటుంది. చదవడం, రాయడం, లెక్కలకు తలా 50 మార్కులు. ఉత్తీర్ణులకు నోయిడా కేంద్రంగా పనిచేసే జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ ధ్రువపత్రం ఇస్తుంది.

2009 నుంచి 2018 వరకు అమలైన సాక్షర భారత్ పథకంలో వయోజన విద్యా కేంద్రాల ప్రేరక్‌లకు నెలకు రూ.2,000 గౌరవ వేతనం ఉండేది. ఉల్లాస్‌లో బోధన స్వచ్ఛంద సేవే. విద్యార్థులు, ఉపాధ్యాయులు, ఆసక్తిగల పౌరులు ఎవరైనా చేపట్టవచ్చు. యాప్ వల్ల నమోదు, పాఠాల పంపిణీ సులభమయ్యాయి. బోధన నెలల తరబడి నిలకడగా సాగడం మాత్రం ఆ కార్యకర్త ఓపిక, తీరికలపై ఆధారపడి ఉంటుంది.

పనికి దారితీసే శిక్షణ

అక్షరాస్యత నుంచి ఉపాధికి చేర్చే మార్గాల్లో పాతది జన శిక్షణ సంస్థాన్. 1967లో ముంబయిలో శ్రామిక విద్యాపీఠంగా మొదలైన ఈ వ్యవస్థ 2018లో నైపుణ్యాభివృద్ధి శాఖ పరిధిలోకి వచ్చింది. నిరక్షరాస్యులు, కొత్తగా చదువుకున్నవారు, మధ్యలో బడి మానేసినవారికి ఇది వృత్తి శిక్షణ ఇస్తుంది.

2015 జులై 15న ప్రారంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో పూర్వ అభ్యాస గుర్తింపు అనే విధానం ఉంది. పని చేస్తూ నేర్చుకున్న తాపీమేస్త్రీ, కుట్టుపనివారు, ఎలక్ట్రీషియన్ వంటివారి నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వడం దీని సారాంశం. కోర్సులు, ఉద్యోగావకాశాల సమాచారాన్ని ఒకేచోట అందించేందుకు 2023 సెప్టెంబరు 13న స్కిల్ ఇండియా డిజిటల్ వేదిక ప్రారంభమైంది. గ్రామీణ కుటుంబాల కోసం 2017లో ఆమోదం పొందిన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ 20 గంటల శిక్షణతో 2024 మార్చి నాటికి 6.39 కోట్ల మందికి చేరింది. ఫోన్, కంప్యూటర్ వాడకం, ఇంటర్నెట్, డిజిటల్ చెల్లింపులు అందులోని పాఠ్యాంశాలు.

చదవడం రానివారికి ధ్వని కూడా సాధనమే. నూహ్ జిల్లా ఘాఘస్ గ్రామంలో 2012 నుంచి నడుస్తున్న అల్ఫాజ్-ఎ-మేవాత్ సామాజిక రేడియో స్థానికులతో వారి నుడికారంలోనే మాట్లాడుతుంది. పథకాల సమాచారం అందుకోవడానికి వినేవారికి చదువుతోగాని, ఇంటర్నెట్‌తోగాని పని లేదు. అయితే వినడం ద్వారా సమాచారం అందుతుంది. ధ్రువపత్రం కోరే ఉపాధికి చదువు అవసరం అలాగే ఉంటుంది.

అవరోధాలు

మొదటి అవరోధం ఫోన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు దేశంలో 54 శాతం. ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 33 శాతం కాగా, పురుషులు 57 శాతం. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ భర్తతోనో కొడుకుతోనో పనికి వెళ్లిపోతే, పాఠం రాత్రికి వాయిదా పడుతుంది.

రెండోది సమయం. రోజుకూలీకి తరగతి అంటే విశ్రాంతినో, ఒక పూట వేతనాన్నో వదులుకోవడమే. చిన్న చిన్న పాఠాలుగా, ఎప్పుడైనా వినగలిగేలా ఉండే డిజిటల్ సామగ్రి ఇక్కడే నిజంగా అక్కరకొస్తుంది. మూడోది భాష. రాజధానికి వలస వచ్చిన కార్మికుడు ఇంట్లో మాట్లాడేది ఒక భాష, పనిచోట చదవాల్సింది మరొకటి. తెలుగు కార్మికుడికి తెలుగు వాచకంతో అక్షరాలు తొందరగా పట్టుబడతాయి. ఢిల్లీలో బోర్డులు, రసీదులు చదవాలంటే హిందీ, కొంత ఆంగ్లం కూడా కావాలి.

అక్షరాస్యతకు 2024 ఆగస్టులో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన నిర్వచనంలో చదవడం, రాయడం, లెక్కలతోపాటు డిజిటల్, ఆర్థిక అవగాహన వంటి జీవన నైపుణ్యాలు కూడా ఉన్నాయి. ఆ నిర్వచనం ప్రకారం యాప్‌లో నమోదైనవారి సంఖ్య తొలి అంకె మాత్రమే. పరీక్ష గట్టెక్కినవారు ఎందరు, వారిలో తమ దరఖాస్తును తామే నింపుకోగలిగినవారు, వేతన రసీదును తామే చదువుకోగలిగినవారు ఎందరన్నదే నూహ్ వంటి జిల్లాల్లో పథకం ఫలితాన్ని తేల్చే కొలమానం.