ఫ్రీమేసన్లు: ధైర్యానికి, సేవకు పేరుపడ్డ కొందరు

ఫ్రీమేసన్రీ పాతకాలపు రాతిపని మేస్త్రీల సంఘాల పేరు మీద, గుర్తుల మీద ఏర్పడిన సోదర సంఘం. దాని గుర్తులు మూలమట్టం, కంపాస్. 1717లో లండన్‌లో మొదటి గ్రాండ్ లాడ్జి ఏర్పడింది. ఇంగ్లండు సంప్రదాయం పాటించే లాడ్జిల్లో చేరాలంటే దేవుడిపై నమ్మకం ఉండాలి. ఎవరి గ్రంథం మీద వారు ప్రమాణం చేస్తారు, ముస్లింలైతే ఖుర్ఆన్ మీద.

సంగం జాగర్లమూడి, తెనాలి వైపు నుంచి హైదరాబాద్ వెళ్ళేవాళ్ళు గోషామహల్ పేరు వినే ఉంటారు. అక్కడి బారాదరి కుతుబ్‌షాహీల చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానాషా కాలం నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పాలనలో, 1872లో, దాన్ని మేసన్లకు ఇచ్చారు. అంతకు దాదాపు వందేళ్ళ ముందే ఆర్కాటు నవాబు కొడుకు ఉమ్దతుల్ ఉమరా తిరుచిరాపల్లిలో లాడ్జిలో చేరారు. అప్పట్లో నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలు కూడా ఆర్కాటు నవాబుల కింద ఉండేవి. స్వాతంత్ర్యం వచ్చాక, 1961లో ఏర్పడిన గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియాకు మొదటి గ్రాండ్ మాస్టర్ రాంపూర్ నవాబు సయ్యద్ రజా అలీ ఖాన్. స్వామి వివేకానంద కూడా 1884లో కలకత్తాలో ఒక లాడ్జిలో చేరారు.

ధైర్యం విషయానికొస్తే ముందు చెప్పుకోవాల్సింది అల్జీరియాకు చెందిన అమీర్ అబ్దుల్ ఖాదిర్ (1808–1883) గురించి. ఆయన ఆలిం, సూఫీ. ఫ్రాన్స్ సైన్యంతో 1832 నుంచి 1847 దాకా పోరాడారు. లొంగిపోయాక ఇచ్చిన మాట తప్పి ఆయన్ని ఫ్రాన్స్‌లో 1852 వరకు బందీగా ఉంచారు. తర్వాత దమిష్క్‌లో స్థిరపడ్డారు. 1860 జులైలో అక్కడ అల్లరి మూకలు క్రైస్తవుల ఇళ్ళ మీద పడ్డాయి. అమీర్ తన అల్జీరియా అనుచరులతో వీధుల్లోకి వెళ్ళి వేల మందిని కాపాడారు, వారిలో కాన్సుల్‌లు కూడా ఉన్నారు. మూక తన గుమ్మం దగ్గరకొచ్చి వాళ్ళని అప్పగించమంటే ససేమిరా అన్నారు. తనతో యుద్ధం చేసిన దేశం వాళ్ళకీ ఆ ఇంట్లో చోటు దొరికింది. అమాయకుల ప్రాణం కాపాడటం షరియత్ ప్రకారం తన బాధ్యత అని ఆయన భావించారు.

ఆ సంగతి విని పారిస్‌లోని ‘హెన్రీ నాలుగు’ లాడ్జి ఆయన్ని ఆహ్వానించింది. ఆ లాడ్జి తరఫున 1864లో అలెగ్జాండ్రియాలో ఆయన్ని చేర్చుకున్నారు. అంటే సాహసం ముందు, సభ్యత్వం తర్వాత. ఆ అనుబంధం ఎంతవరకు సాగిందనే దానిపై చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు.

ముస్లిం కుటుంబాలు ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. 1978లో మక్కాలోని ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ ఫ్రీమేసన్రీకి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. కాబట్టి సంఘం గురించి ఎవరి అభిప్రాయం ఏదైనా కావచ్చు. దమిష్క్‌లో ఆ గుమ్మం దగ్గర అమీర్‌ని నిలబెట్టింది మాత్రం ఏ లాడ్జీ కాదు, ఆయన ఈమాన్.