పుచ్చు మానులో నీలి సాలీడు

నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే దారి నల్లమలలోకి ఎక్కేసరికి బాగా చీకటి పడింది. జీపు దిగి కాలిబాట పట్టాం. ముందు చెంచు వాచరు, వెనక బీట్ ఆఫీసరు, మధ్యలో మనం. అటవీశాఖ అనుమతి లేనిదే రాత్రిపూట ఇక్కడ అడుగు పెట్టనివ్వరు, పులులు తిరిగే అడవి మరి. మనం వెతికే జీవి మాత్రం కాళ్లన్నీ చాపినా జానెడు దాటదు.

ఓ ముసలి నల్లమద్ది దగ్గర వాచరు ఆగాడు. తలకు కాస్త పైన, ఎప్పుడో కొమ్మ విరిగిన చోట తొర్ర.

"లైటు నేరుగా కొట్టాకండి సార్, లోపలికి దూరిపోతాది."

టార్చి పక్కకు వంచాం. ముందు తొర్ర అంచున సాలెపట్టు పొర కనిపించింది, దానికి బెరడు పొట్టు అతుక్కుని ఉంది. తర్వాత ఒక కాలు బయటికొచ్చింది, దాని వెంట ఇంకొకటి. కీళ్ల దగ్గర పసుపు మచ్చలు, మిగతాదంతా నెమలి కంఠం నీలం. ఓ అడుగు పక్కకు జరిగి చూసినా నీలం నీలంగానే ఉంది. నిజానికి అందులో నీలి వర్ణకం లేదు. రోమాల్లోని అతి సూక్ష్మమైన అమరిక నీలి కాంతిని వెనక్కి పంపడం వల్ల అలా కనిపిస్తుంది.

బెరడు మీద ఓ కీచురాయి పాకింది. సాలీడు కదల్లేదు. పురుగు వచ్చి చిక్కుకోవడానికి ఇది వల కట్టదు. మాను మీది కదలికను కాళ్లతోనే పసిగడుతుంది. కీచురాయి ఇంకో రెండంగుళాలు దగ్గరికొచ్చింది. రెప్పపాటులో తొర్ర ముందు ఏమీ లేదు, కీచురాయీ లేదు.

"కరుస్తుందా?"

"చెయ్యి పెడితే కరుస్తాది. మనం దాని జోలికి పోకుంటే అదెందుకొస్తాది సార్?"

దీని పేరు గుత్తి సాలీడు. 1899లో రెజినాల్డ్ పోకాక్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఆ నమూనా దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. అడవి దుంగల్లో దాక్కుని రైలెక్కి వచ్చి ఉంటుందంటారు. ఆ తర్వాత వందేళ్లు దీని జాడే లేదు. 2001లో గుత్తికి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో, ఈ నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలోనే మళ్లీ కనిపించింది. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) దీన్ని అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. అప్పటికి తెలిసిన దాని ఆవాసం 100 చదరపు కిలోమీటర్ల లోపే. అందానికి ముచ్చటపడి విదేశాల్లో పెంచుకునేవాళ్లు ఉండటంతో, 2019లో ఈ సాలీడు ప్రజాతి మొత్తాన్ని, ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం కిందికి తెచ్చారు.

అమ్మకాన్ని చట్టం అడ్డుకోవచ్చు. గొడ్డలిని అడ్డుకోవడమే కష్టం. కలపకు పనికిరాదు, పొయ్యిలోకి బాగుంటుందని ముందుగా నరికేది పుచ్చు పట్టిన చెట్టునే. సాలీడుకు కావలసిందీ అదే. ఒక చెట్టు పెరిగి, ముదిరి, కొమ్మ విరిగి, తొర్ర పడటానికి దశాబ్దాలు పడుతుంది. ఈ ఏడు వనమహోత్సవంలో ఎన్ని లక్షల మొక్కలు నాటినా, ఈ రాత్రి మనం చూసిన సాలీడుకు అందులో ఒక్కటీ ఇల్లు కాలేదు. దాన్ని బతికించాలంటే ఇప్పుడున్న ముసలి మాన్లను నిలబడనివ్వాలి.