రసవాది అంటే గడ్డం మాంత్రికుడేనా? పిండి ముద్దతో ల్యాబ్ నడిపిన మేరీ కథ

 

రసవాదం అనగానే మీకు ఎవరు గుర్తొస్తారు? నాకైతే ఎస్వీ రంగారావు గారు. 1918లో నూజివీడులో పుట్టారు, అంటే ఇప్పటి మన ఏలూరు జిల్లానే. 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’లో ఆయన వేసింది మాంత్రికుడి వేషం, రసవాది వేషం కాదు. అయినా ఆ గడ్డం, ఆ గొంతు మన బుర్రలో ఉండిపోయాయి. రాగిని బంగారం చేసేవాడన్నా అదే బొమ్మ కనబడుద్ది. ఇవాళ ఆ బొమ్మ పక్కన ఇంకో బొమ్మ పెడదాం.

ఈజిప్టులో సుమారు క్రీ.శ. 300 నాటికి జోసిమస్ అనే రసవాది ఉండేవాడు. ఆయన పదే పదే గౌరవంగా తలుచుకున్న గురువు ఒక ఆడమనిషి. పేరు మేరీ, యూదు స్త్రీ. ఆవిడ రాసిన పుస్తకాలు మనకి మిగల్లేదు. జోసిమస్ ఎత్తి రాసుకున్న మాటల వల్లే ఆవిడ సంగతి తెలుస్తోంది.

ఆ మాటల్లో మంత్రాల కంటే పనిముట్లే ఎక్కువ. మూడు గొట్టాలున్న బట్టీ ఎలా చెయ్యాలి, రాగి రేకు ఎంత మందం ఉండాలి అని చెప్తుంది. ఎంత మందమో తెలుసా? వంటవాళ్ల మూకుడంత! మరి గొట్టాల అతుకుల్లోంచి ఆవిరి పోకుండా? పిండి ముద్దతో మూసెయ్యమంది. దమ్ బిర్యానీకి హండీ మూత చుట్టూ మనం పెట్టేది అదే కదండీ!

నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి మెల్లగా వేడి చేసే పద్ధతికి ఫ్రెంచి వాళ్లు ‘బాన్ మరీ’ అంటారు, అంటే మేరీ స్నానం. ఆ మరీ ఈవిడేనని చెప్తారు. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, అంతకు మించి వేడెక్కవు. అందుకే లోపలిది మాడదు. తాడేపల్లిగూడెంలో నిట్ 2015లో మొదలైంది. అక్కడనే కాదు, ఏ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌కి వెళ్లినా వాటర్ బాత్ ఉంటుంది. రోజూ వాడతాం, పేరు మాత్రం తలవం.

ఈవిడ ఒక్కతే కాదు. క్లియోపాత్రా అని ఇంకో రసవాది ఉంది, రాణి కాదు. బంగారం తయారీ మీద ఆవిడ పేరుతో ఒక్క పేజీ మిగిలింది. అందులో బట్టీ బొమ్మలు, తన తోక తానే మింగే పాము బొమ్మ ఉంటాయి.

మరి మన దగ్గర? ‘రసార్ణవం’ అనే సంస్కృత గ్రంథంలో దేవి అడుగుతుంది, భైరవుడు చెప్తాడు. 1947 నాటి ‘యోగి వేమన’ సినిమాలో నాగయ్య గారి వేమన బంగారం వెంట పడతాడు, అన్న కూతురు జ్యోతి చనిపోయాక విరాగి అవుతాడు. గమనించండి, ఒకచోట ఆడది ప్రశ్న, ఇంకోచోట కన్నీరు. కొలిమి దగ్గర మాత్రం లేదు.

ఇప్పుడు పాటల్లోకి వద్దాం. 1617లో జర్మనీకి చెందిన మైఖేల్ మాయర్ ‘అటలాంటా ఫ్యూజియన్స్’ అని రసవాదం మీద పుస్తకం వేశాడు. అందులో 50 ఫ్యూగులున్నాయి, మూడు గొంతుల పాటలు. ఒక గొంతు పరిగెడుతుంది, అది అటలాంటా అనే అమ్మాయి. ఒకటి వెంటపడుతుంది. మూడోది బంగారు ఆపిల్, దారిలో ఆపుతుంది. అదే ఏడాది ఆయన వేసిన ఇంకో పుస్తకంలో మన మేరీకి బొమ్మ కూడా ఉంది. ఇక 1984లో డైర్ స్ట్రెయిట్స్ బ్యాండు లైవ్ ఆల్బమ్ పేరు ‘ఆల్కెమీ’. మీ ప్లేలిస్టులో ర్యాప్ ఉంటే ‘ది ఆల్కెమిస్ట్’ అనే అమెరికన్ ప్రొడ్యూసర్ పేరు వినే ఉంటారు. పాత రికార్డు ముక్కలు తీసుకుని కొత్త పాట చెయ్యడం, అదీ ఒక రసవాదమే మరి.

పాటల్లో ఆ మాట బతికింది, ల్యాబులో ఆ గిన్నె బతికింది. మధ్యలో మనిషి జారిపోయింది. పనిముట్టు చేసినవాళ్లని మర్చిపోతే, ‘సైన్సు ఆడపిల్లలకి కొత్త’ అనే మాట నిజంలా వినబడుద్ది. కొత్త కాదండీ. కనీసం పదిహేడు వందల ఏళ్ల పాతది.

ఈసారి వాటర్ బాత్ స్విచ్ వేసినప్పుడు పక్కవాళ్లకి ఆ పేరు చెప్పండి. మేరీ. ఉంటానండీ మరి.